కోరిక, ఎరుక: సోలాపూర్ నేతన్నల ఆలోచనా వారసత్వం

సోలాపూర్ అనగానే దుప్పట్లే గుర్తొస్తాయి. ఇక్కడి మగ్గాల పేటల్లో బతికే తెలుగువారికి మరో ఆస్తి కూడా ఉంది. మనిషి కోరిక గురించి, తెలివికి ఉన్న హద్దుల గురించి ఈ నేల మీద శతాబ్దాలుగా సాగిన ఆలోచన అది.

12వ శతాబ్దంలో ఈ ఊరు సొన్నలిగె. శివయోగి సిద్ధరాముడు ఇక్కడ చెరువు తవ్వించాడు, గుడులు కట్టించాడు. శివశరణుడు అల్లమప్రభువు వచ్చి ఆ పనినే నిలదీశాడని కన్నడ శూన్యసంపాదనె చెబుతుంది. పుణ్యం ఆశించి చేసే మేలులోనూ కోరికే దాగి ఉందన్నది ఆయన వాదం. సిద్ధరాముడు ఆ మాట ఒప్పుకున్నాడు, శరణుల దారి పట్టాడు. అలాగని చెరువును ఎవరూ పూడ్చలేదు. నేటికీ సిద్ధేశ్వరాలయం ఆ నీళ్ల నడుమే ఉంది. పని మానక్కర్లేదు, పని మీద మమకారాన్నే ప్రశ్నించుకోవాలన్న తీర్పు అందులో ఉంది.

అంతకుముందే కన్నడ దేశంలో జేడర దాసిమయ్య నేత నేస్తూ వచనాలు చెప్పాడు. ఆ తర్వాతి కాలంలో తెలుగునాట ఆశను, పుస్తకాల చదువును వేమన సూటిగా నిలదీశాడు. 1829లో సి.పి.బ్రౌన్ ఆ పద్యాలను అచ్చు వేయించాడు.

1877లో సోలాపూర్‌లో మొదటి బట్టల మిల్లు వెలిసింది. ఆ కాలంలో కరీంనగర్, నల్లగొండ, వరంగల్, పాలమూరు ప్రాంతాల పద్మశాలీలు బతుకుదెరువుకు ఇటు వలస వచ్చారు. కులదైవం మార్కండేయుణ్నీ వెంట తెచ్చుకున్నారు. తెలంగాణలో మార్కండేయుడి పురాణాన్ని కూనపులివారు చేర్యాల నకాశీ పటం విప్పి, ఒక్కో బొమ్మ చూపిస్తూ చెప్పేవారు. ఆ కథలో మార్కండేయుడి తండ్రి మృకండుడి ముందు రెండు వరాలుంటాయి: నూరేళ్లు బతికే మందమతి కొడుకు, లేదా పదహారేళ్లే బతికే జ్ఞాని. తండ్రి జ్ఞానినే కోరుకున్నాడు. యముడు పాశం విసిరిన వేళ మాత్రం కొడుకును కాపాడింది చదువు కాదు, లింగాన్ని వదలని పట్టుదల. జ్ఞానాన్ని ఇంత గొప్పగా కోరుకుంటూనే దాని హద్దునూ చూపిన కథలు అరుదు.

మగ్గం దగ్గర ఈ ఆలోచన నిత్యానుభవం. పడుగులో ఒక్క పోగు తెగినా నేతలో లోపం పడుతుంది. ఎంత అనుభవజ్ఞుడైనా ఏ పోగు ఎప్పుడు తెగుతుందో చెప్పలేడు. మగ్గం ఆపి, ముడివేసి మళ్లీ నేయడమే అతని చేతిలో ఉన్నది.

ఏటా శ్రావణ పౌర్ణమికి సోలాపూర్‌లో మార్కండేయుడి రథోత్సవం ఘనంగా జరుగుతుంది. ఊరేగింపుతో పాటు ఆలోచన కూడా తరానికి తరం అందాలి. ఈ కథ చెప్పగల పెద్దలు ఉండగానే వారి మాటలను తెలుగులో, మరాఠీలో రాసి పెట్టాలి. ఆ పని నేటి యువతరానిది.