యాంటీ జియోనిజం.. యాంటీ సెమిటిజం.. రెండూ ఒకటేనా? అసలు తేడా ఇదే!

గాజా వార్త ఏది వచ్చినా రెండు మాటలు గట్టిగా వినిపిస్తాయి.. యాంటీ జియోనిజం, యాంటీ సెమిటిజం. మేడ్చల్ బస్సులో రీల్స్ చూసేవాళ్లయినా, శామీర్‌పేట హాస్టళ్లలో డిబేట్ పెట్టే స్టూడెంట్స్ అయినా ఈ రెండింటినీ కలిపేస్తే చిక్కే. మరి తేడా ఏంటి?

జియోనిజం అంటే?
యూదులకు సొంత దేశం ఉండాలన్న రాజకీయ ఉద్యమం. థియోడర్ హెర్జల్ 1897లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో తొలి మహాసభ పెట్టారు. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడింది. ఈ సిద్ధాంతాన్ని వ్యతిరేకించడం యాంటీ జియోనిజం. యూదులైనందుకే మనుషుల్ని ద్వేషించడం యాంటీ సెమిటిజం.

మన దగ్గర చూస్తే..
ఇజ్రాయెల్ కంపెనీ ఎల్బిట్‌తో కలిసి అదానీ గ్రూప్ 2018 డిసెంబర్‌లో హైదరాబాద్‌లో డ్రోన్ల ఫ్యాక్టరీ తెరిచింది. ఆ డ్రోన్లు ఎక్కడికి వెళ్తున్నాయని నిలదీస్తే అది ప్రభుత్వాల మీద, వ్యాపారం మీద ప్రశ్న. అందులో తప్పులేదు.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే చిన్న తెలుగు యూదు సమాజం ఉంది. దళిత మూలాలున్న ఈ కుటుంబాలను ఇజ్రాయెల్ అధికారికంగా యూదులుగా గుర్తించలేదు. గాజా మీద కోపం వీళ్ల గుమ్మం ముందు చూపిస్తే మాత్రం అది ద్వేషమే.

ముంబైలో ఏం జరిగింది?
2008 నవంబర్ 26న మొదలైన ఉగ్రదాడుల్లో నారిమన్ హౌస్‌లోని యూదు కేంద్రంలో ఆరుగురు బందీలు చనిపోయారు. వారిలో ఒకరి కుటుంబం జియోనిజాన్నే ఒప్పుకోని యూదు వర్గానికి చెందింది. శవపేటికపై ఇజ్రాయెల్ జెండా కప్పొద్దని కోరింది. చంపినవాళ్లకు ఆ తేడాతో పనిలేదు.

వాదన ఎక్కడ?
మిగతా దేశాల్ని విమర్శించినట్టే ఇజ్రాయెల్‌నీ విమర్శిస్తే యాంటీ సెమిటిజం కాదని ఐహెచ్‌ఆర్‌ఏ అనే అంతర్జాతీయ కూటమి 2016 నిర్వచనం చెబుతోంది. యూదులకు స్వయం నిర్ణయాధికారమే లేదంటే మాత్రం, సందర్భాన్ని బట్టి యాంటీ సెమిటిజం కావొచ్చంటోంది. జియోనిజాన్ని వ్యతిరేకించినంత మాత్రాన ద్వేషం కాదన్నది 2021 నాటి జెరూసలేం డిక్లరేషన్ మాట. అసలు పేచీ ఇక్కడే.

అయితే ఇజ్రాయెల్ చేసినదానికి యూదులందరినీ బాధ్యుల్ని చేయడం యాంటీ సెమిటిజమేనని రెండూ ఒప్పుకుంటాయి. అలాగని ఇజ్రాయెల్‌ను ప్రశ్నించిన ప్రతివాళ్లపై యూదు ద్వేషి అని ముద్ర వేయడమూ కరెక్ట్ కాదు.

వీడియో షేర్ చేసేముందు ఒక్కసారి చూడండి.. అందులో తిట్టింది ప్రభుత్వాన్నా? మనుషుల్నా?