రంగం రేవు, రెండు ఓడ కంపెనీలు

"రంగం పోయాడు" అనే మాట ఇప్పటి పిల్లలకు తెలియదు. మా అమ్మమ్మ నోట ఆ మాట రోజుకోసారైనా వినబడేది. చిన్నప్పుడు రంగం అంటే యుద్ధరంగమో, నాటకరంగమో అనుకునేదాన్ని. అది రంగూన్ అని, సముద్రానికి అవతల బర్మాలో ఉందని, అమ్మమ్మ పెద్దన్నగారు పద్ధెనిమిదేళ్ళ వయసులో కాకినాడ రేవులో ఓడ ఎక్కి అక్కడికి వెళ్ళారని తరవాత తెలిసింది. గోదావరి జిల్లాల నుంచి శ్రీకాకుళం దాకా తీరం పొడుగునా రంగం పోయినవాడు లేని ఊరు అరుదు. పోయినవాళ్ళ సంగతి కథలుగానైనా చెప్పుకున్నాం. వాళ్ళని మోసుకుపోయిన ఓడల సంగతి, ఆ ఓడలు నడిపిన కంపెనీల సంగతి మాత్రం మనం పెద్దగా పట్టించుకోలేదు. ఇవాళ ఆ ముచ్చట చెబుతాను.

ముందు ఆ చోటు ఎలాంటిదో చూడండి. ఐరావతి నది బర్మాను నిలువునా చీల్చుకుంటూ దిగి, సముద్రం దగ్గరకి వచ్చేసరికి మన గోదావరిలాగే పాయలు పాయలుగా విడిపోతుంది. మన కోనసీమను ఎన్నో రెట్లు పెంచితే ఎలా ఉంటుందో ఆ డెల్టా అలా ఉంటుంది. ఎటు చూసినా వరిచేలు, కాలవలు, బురద, దోమలు. రంగూన్ సముద్రపు ఒడ్డున లేదు. సముద్రపు మొగ నుంచి పాతిక మైళ్ళ లోపల, నది ఒడ్డున ఉంది. పెద్ద ఓడలు పోటు వచ్చేదాకా ఆగి, నీళ్ళు పెరిగాక ఇసకమేటలు తప్పించుకుంటూ పైకి రావాలి. ఊరికి ఎదురుగా అవతలి ఒడ్డున డల్లా. రాజమండ్రికి కొవ్వూరు ఎలాగో రంగూన్‌కు డల్లా అలాగ. రేవు దాటించే పడవలు, సాంపానులు, లాంచీలు తెల్లారింది మొదలు పొద్దుపోయేదాకా తిరుగుతూనే ఉండేవి.

ఆ నదిలోకి మొదటి పొగఓడ వచ్చింది యుద్ధానికి. 1824లో ఇంగ్లీషువాళ్ళు బర్మా రాజు మీదికి వచ్చినప్పుడు 'డయానా' అనే చిన్న స్టీమరును కలకత్తా నుంచి తీసుకొచ్చారు. తెరచాప లేకుండా, గాలికి ఎదురుగా, పొగ కక్కుతూ పోయే పడవను చూసి బర్మా సిపాయిలు బెదిరిపోయారంటే ఆశ్చర్యం ఏముంది! 1852లో రెండో యుద్ధం అయ్యాక దిగువ బర్మా మొత్తం ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చింది. సైన్యాన్ని మోయడానికి ప్రభుత్వం కొన్ని స్టీమర్లు ఉంచుకుంది గాని, వాటిని నడపడం దానికి భారమైంది. 1865లో గ్లాస్గో నగరపు వర్తకులు వాటిని కొనుక్కుని ఐరావతి పేరు మీదనే ఫ్లోటిల్లా కంపెనీ పెట్టారు. నాలుగు పాత స్టీమర్లతో మొదలైన బేరం అది.

ఆ కంపెనీ పెరిగిన తీరు చూస్తే కళ్ళు తిరుగుతాయి. 1920ల నాటికి దానికి చిన్నా పెద్దా కలిపి 600కు పైగా నౌకలు. ఏడాదికి 80, 90 లక్షల మంది ప్రయాణికులు. అన్నిటికన్నా పెద్ద స్టీమర్లు 326 అడుగుల పొడుగు. పక్కలకి చక్రాలు, మధ్యన పొగగొట్టం. ఒక్కొక్క దాంట్లో డెక్కు మీద నాలుగు వేల మందికి పైగా ఎక్కేవాళ్ళంటే నమ్మగలరా? ఒక తీర్థం మొత్తం నీటి మీద కదిలిపోతున్నట్టు ఉండేదన్నమాట. ఇంత పెద్ద ఓడ అయినా కొద్ది అడుగుల నీళ్ళలో తేలేటట్టు అడుగు బల్లపరుపుగా కట్టేవాళ్ళు. ఎండాకాలంలో నది ఎక్కడ మేట వేస్తుందో, ఎక్కడ కోస్తుందో నేటి మాట రేపు ఉండదు. అంచేత ముందు నుంచుని వెదురు గడతో లోతు కొలుస్తూ కేకవేసే మనిషి ఉండేవాడు. సరంగులూ కళాసులూ ఎక్కువమంది చిట్టగాంగ్ వాళ్ళు.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ కంపెనీ బజారు స్టీమర్లు. డెక్కు మీద వరసగా దుకాణాలు అద్దెకిచ్చేవాళ్ళు. గుడ్డలు, గిన్నెలు, ఎండుచేప, చుట్టలు, పసిపిల్లల ఆటసామాను. స్టీమరు ప్రతి ఊరి ఒడ్డునా ఆగేది. సంత ఊరికి నడిచి వచ్చినట్టు! బర్మాలో వ్యాపారం ఆడవాళ్ళ చేతుల్లో ఉండేది. లెక్కలు, బేరాలు, డబ్బు సంచీ అన్నీ వాళ్ళవే. మన ఇళ్ళల్లో ఆడది గడప దాటితే నోళ్ళు నొక్కుకునే రోజుల్లో, అక్కడ నోట్లో పెద్ద చుట్ట పెట్టుకుని స్టీమరు మీద ఊరూరా తిరిగి అమ్ముకునే ఆడవాళ్ళను చూసి రంగం పోయిన మనవాళ్ళు ఏమనుకున్నారో! మా పెద్దతాతయ్య మాత్రం, "వాళ్ళకు మొగుళ్ళు లెక్క చెప్పాలే" అనేవారట.

ఇది నదిలో తిరిగే కంపెనీ. సముద్రం దాటించేది ఇంకొకటి. దాని పేరు బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ. 1856లో కలకత్తా నుంచి బర్మాకు టపా మోయడానికి పుట్టి, 1862లో ఈ పేరు పెట్టుకుంది. మన తీరంలో రేవు రేవుకీ దీని ఓడలు వచ్చేవి. కాకినాడలో నీళ్ళ లోతు చాలదు. స్టీమరు ఒడ్డుకు మైళ్ళ దూరాన లంగరు వేసుకుని ఉంటే, జనాన్ని కాలవలోంచి పడవల మీద తీసుకుపోయి ఎక్కించేవాళ్ళు. మూట నెత్తిన పెట్టుకుని, ఊగే పడవలోంచి ఊగే నిచ్చెన పట్టుకోవడం! అమ్మమ్మ ఒడ్డున నుంచుని చూసిందట. అన్నగారు ఓడ ఎక్కాడో లేదో కూడా కనబడలేదట, అంత దూరం.

కాకినాడకు ముందు కోరంగి ఉండేది. గౌతమి మొగలో పెద్ద రేవు. ఓడలు కట్టే ఊరు. 1789లో, మళ్ళీ 1839లో ఉప్పెనలు దాన్ని ముంచాయి. మిగిలింది మేట పూడ్చేసింది. రేవు పోయింది గాని పేరు పోలేదు. బర్మాలో తెలుగు కూలీ ఎవడైనా, విజయనగరం వాడైనా సరే, ఇంగ్లీషువాళ్ళకు "కొరంగీ"యే. ఓడ పోయినా ముద్ర మిగిలిపోయింది. రాను రాను ఆ పిలుపులో కొంచెం చిన్నచూపు కూడా చేరిందనుకోండి.

ఇంతమంది ఎందుకు పోయారంటారా? 1869లో సూయజ్ కాలవ తెరిచాక బర్మా బియ్యానికి గిరాకీ పెరిగింది. డెల్టా అడవులు కొట్టి చేలు చేశారు. ఆ ధాన్యం మిల్లు ఆడించడానికి, బస్తాలు మోయడానికి, ఓడలకు ఎత్తడానికి మనుషులు కావాలి. మేస్త్రి మన పల్లెకి వచ్చి, ఓడ కూలికీ ఇంటి ఖర్చుకీ అడ్వాన్సు ఇచ్చి తీసుకుపోయేవాడు. అక్కడ ఆ బాకీ తీరేదాకా కూలి డబ్బులో కోత. 1920ల చివర ఇండియా నుంచి రంగూన్‌లో దిగినవాళ్ళు ఏడాదికి నాలుగు లక్షల పైమాట. తిరిగి వచ్చేవాళ్ళు కూడా ఇంచుమించు అంతమంది. అంటే ఓడలకు ఖాళీ అన్న మాట లేదు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ ఊళ్ళో సగానికి మించి ఇండియావాళ్ళే. అందులో తెలుగువాళ్ళలో ఆడవాళ్ళు బహు కొద్దిమంది. మిగతా ఆడవాళ్ళు ఇక్కడే, మనియార్డరు కోసం పోస్టు జవాను దారి చూస్తూ ఉన్నారు.

డెక్కు ప్రయాణం ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే శరత్ 'శ్రీకాంత్' రెండో భాగం తీసి మళ్ళీ చదవండి. శరత్‌బాబు 1903లో తానే రంగూన్ వెళ్ళి 1916 దాకా అక్కడ గుమాస్తాగా బతికినవాడు. కలకత్తా రేవులో ప్లేగు పరీక్ష పేరుతో జనాన్ని పశువుల్లా నిలబెట్టడం, తుఫానులో డెక్కు మీద పడ్డ పాట్లు, అవతల క్వారంటీను, ఇవన్నీ ఊహించి రాసినవి కావు. గాంధీగారు 1915లో డెక్కు మీదే రంగూన్ వెళ్ళారు. మరుగుదొడ్డికి పోవాలంటే మలమూత్రాలు తొక్కుకుంటూనో గెంతుకుంటూనో పోవలసివచ్చిందని ఆత్మకథలో రాసుకున్నారు. ఓడ అధికారికి చెప్పుకుంటే ఫలితం లేకపోయింది. మగవాళ్ళ అవస్థే అలా ఉంటే, ఆ గుంపులో ఉన్న కొద్దిమంది ఆడవాళ్ళు నాలుగైదు రోజులు ఏం చేశారో! ఏ పుస్తకంలోనూ నాకు కనబడలేదు. మనకు మనం ఊహించుకోగలం.

మరి పోటీగా మనవాళ్ళెవరూ ఓడలు నడపలేదా అని అడగవచ్చు. నడిపారు. బర్మాకి కాదు గాని, పక్కనే గంగా డెల్టాలో రవీంద్రుడి అన్నగారు జ్యోతిరింద్రనాథ్ ఆ పని చేశారు. వేలంలో ఒక ఓడ ఒట్టి పెంకును 7,000 రూపాయలకు కొని, ఇంజను పెట్టించి 'సరోజిని' అని పేరు పెట్టి, 1884లో ఖుల్నా, బారిసాల్ మధ్య తిప్పారు. అప్పటికి ఆయన భార్య కాదంబరీదేవి పోయి కొద్ది వారాలే. ఎదురుగా ఇంగ్లీషు కంపెనీ ఉంది. వాళ్ళు రేటు తగ్గిస్తే ఈయన ఇంకా తగ్గించారు. చివరికి టిక్కెట్టు లేకుండా ఎక్కించుకుని, పైగా మిఠాయి కూడా పెట్టారని రవీంద్రుడు తన జ్ఞాపకాలలో నవ్వుతూ రాశారు. ప్రయాణికులకు పండగే గాని, బొగ్గు ఊరికే రాదుగా! 'స్వదేశి' అనే ఓడ హౌరా వంతెనకు కొట్టుకుని మునిగిపోయింది. అప్పులు మిగిలాయి. ఓడలు ఆ ఇంగ్లీషు కంపెనీకే పోయాయి. పెద్ద కంపెనీ రెండేళ్ళు నష్టానికి నడపగలదు. చిన్నవాడు రెండు నెలలు నడపలేడు. రేవుల మీద గుత్తాధిపత్యం అంతటా ఇలాగే వచ్చింది.

తిరిగి రంగానికి వద్దాం. 1930 మే నెల. 5వ తేదీన పెగూలో భూకంపం వచ్చి వందలమంది చచ్చిపోయారు, రంగూన్‌లోనూ ఇళ్ళు కూలాయి. అదే రోజుల్లో రేవు కూలీలు, అంటే మన తెలుగువాళ్ళు, కూలి పెంచమని పని మానేశారు. ఓడల సరుకు కదలాలి కదా! కంట్రాక్టర్లు బర్మావాళ్ళను పనిలో పెట్టారు. కొన్నాళ్ళకు రాజీ కుదిరింది, మనవాళ్ళ కూలి కాస్త పెరిగింది. 26వ తేదీ పొద్దున్న బర్మా కూలీలు మామూలుగా పనికి వస్తే, ఇక మీతో పనిలేదు పొమ్మన్నారు. అవమానం, ఆకలి రెండూ కలిశాయి. అక్కడికక్కడే మొదలైన కొట్లాట రోజుల తరబడి ఊరంతా పాకింది. సర్కారు లెక్కలో 120 మంది చనిపోయారు. అంతకన్నా ఎక్కువే అన్నవాళ్ళు ఉన్నారు. చచ్చినవాళ్ళలో ఎక్కువమంది తెలుగు కూలీలు. పెద్దతాతయ్య బియ్యం బస్తాల వెనక రెండు రాత్రులు దాక్కున్నారట. ఒక బీదవాణ్ణి చూపించి ఇంకో బీదవాడి కూలి తగ్గించడం కంట్రాక్టర్ల నేర్పు. దెబ్బలు తిన్నది మాత్రం ఇద్దరూ.

1937లో బర్మాను ఇండియా నుంచి విడదీశారు. ఆ తరవాత యుద్ధం. 1941 డిసెంబరు 23న, మళ్ళీ 25న జపానువాళ్ళు రంగూన్ మీద బాంబులు వేశారు. రేవులో పనిచేసే మనవాళ్ళు ఎంతమంది పోయారో! మిగిలినవాళ్ళు ఓడ కోసం పరుగెత్తారు. ఇక్కడే నా మనసుకు పట్టని సంగతి ఉంది. రేవులో పని ఆగిపోతుందని చెప్పి, కొంతకాలం మగ కూలీలను డెక్కు టిక్కెట్టు మీద పోనివ్వలేదు ప్రభుత్వం. ఏ డెక్కు మీద నాలుగు లక్షల మందిని దించుకున్నారో, ఆ డెక్కే మూసేశారు. ఓడల మీద బయటపడ్డవాళ్ళు సుమారు 70,000 మంది అంటారు. నాలుగు లక్షలకు పైబడి నడిచారు. కొందరు ప్రోం దగ్గర ఐరావతి దాటి, కొండల మీదుగా టౌంగుప్ దారిన అరకాన్‌కి. కొందరు పైకి వెళ్ళి మణిపురం మీదుగా. ప్రోం రేవులో కలరా. దారిలో నీళ్ళు లేవు. ఎన్ని వేలమంది రాలిపోయారో, చెప్పేవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కొక్క అంకె చెబుతారు.

1942 మార్చి 8న రంగూన్ పడిపోయింది. ఫ్లోటిల్లా కంపెనీ ఓడలు సైన్యాన్నీ శరణార్థులనూ మోస్తూ పైకి పైకి పోయాయి. ఇక పోవడానికి నది లేదు. శత్రువు చేతికి చిక్కకుండా మాండలే దగ్గర, ఇంకా పైన కథా దగ్గర వాటిని నడిపినవాళ్ళే చిల్లులు పెట్టి ముంచేశారు. యుద్ధం అయ్యాక మిగిలిన పడవలతో మళ్ళీ మొదలుపెట్టారు గాని పాత వైభవం రాలేదు. బర్మాకు స్వాతంత్ర్యం వచ్చిన 1948లోనే, జూన్ 1న, కంపెనీని ప్రభుత్వం తీసేసుకుంది.

పెద్దతాతయ్య టౌంగుప్ దారినే నడిచి వచ్చారు. చిట్టగాంగ్ నుంచి రైలు మీద వచ్చి సామర్లకోటలో దిగి ఇంటికి వస్తే, అమ్మమ్మ గుర్తుపట్టలేదట. ఎవరో ముష్టివాడనుకుని చేటలో గుప్పెడు బియ్యం తెచ్చింది. ఆ మాట చెప్పినప్పుడల్లా ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకునేది.

ఆయన మళ్ళీ సముద్రం వైపు వెళ్ళింది ఒక్కసారే. 1964లో బర్మా ప్రభుత్వం దుకాణాలు, వ్యాపారాలు అన్నీ స్వాధీనం చేసుకున్నాక, అక్కడ మిగిలిన మనవాళ్ళు కట్టుబట్టలతో ఓడల మీద విశాఖపట్నం వచ్చి దిగారు. వాళ్ళ కోసం వేసిన గుడిసెలే ఆ ఊళ్ళో బర్మా క్యాంపు. ఓడ వచ్చిందని తెలిసి పెద్దతాతయ్య చేతికర్ర పట్టుకుని విశాఖ వెళ్ళారు. తన వీధివాళ్ళు ఎవరైనా దిగుతారేమోనని మూడు రోజులు రేవు గేటు దగ్గర కూచున్నారు. ఎవరూ కనబడలేదు. నాలుగో రోజు పొద్దున్న పాసింజరు ఎక్కి ఇంటికి వచ్చేశారు.