ప్రమేహమూ ప్రమాణమూ: భోజనానంతర రక్తపరీక్షకు పూర్వచరిత్ర

చరక సంహిత విమానస్థానంలోని నాలుగవ అధ్యాయం రోగజ్ఞానానికి మూడు మార్గాలను నిర్దేశిస్తున్నది: ఆప్తోపదేశం, ప్రత్యక్షం, అనుమానం. వైద్యుడు రోగి దేహాన్ని కంటితో చూడవచ్చు, లోపలి ధ్వనులను చెవితో వినవచ్చు, చేతితో స్పృశించవచ్చు, గంధాన్ని ఆఘ్రాణించవచ్చు. రసం విషయానికి వచ్చేసరికి మాత్రం ఆచార్యుడు ఒక మినహాయింపు చేశాడు. రసం ఇంద్రియ విషయమే అయినా, రోగి శరీరంలోని రసాన్ని వైద్యుడు నాలుకతో గ్రహించడం యుక్తం కాదు గనుక దానిని అనుమానం చేతనే తెలుసుకోవాలన్నాడు. పేలు దేహాన్ని విడిచిపోతే విరసత్వాన్నీ, ఈగలు వచ్చి ముసిరితే మాధుర్యాన్నీ నిశ్చయించాలి. ఇక్కడ అనుమానమంటే లోకవ్యవహారంలోని సందేహం కాదు. హేతువును బట్టి సాధ్యాన్ని నిర్ణయించే ప్రమాణం.

ఈ మాధుర్యం ఏ వ్యాధికి చిహ్నమో నిదానస్థానం చెబుతున్నది. దేహానికీ మూత్రానికీ చీమలు, తుమ్మెదలు చేరడం ప్రమేహ పూర్వరూపాలలో ఒకటి. ప్రమేహాలు ఇరవై: కఫజాలు పది, పిత్తజాలు ఆరు, వాతజాలు నాలుగు. మధుమేహం ఈ చివరి కోవకు చెందినది. ఉపేక్షించిన ప్రమేహాలన్నీ కాలక్రమంలో మధుమేహంగా పరిణమిస్తాయని సుశ్రుతుడు హెచ్చరించాడు. కారణాలుగా చరకుడు చెప్పినవి కదలక కూర్చునే సుఖం, నిద్రాసుఖం, పెరుగు, కొత్త ధాన్యం, బెల్లపు వంటకాలు మొదలైనవి. ఈ పట్టిక చదివిన తెలుగువారికి సంక్రాంతి పండుగ గుర్తుకు వస్తే ఆశ్చర్యపడనక్కరలేదు.

చరకుని సంకోచం ఐరోపా వైద్యులకు లేదు. ఆక్స్‌ఫర్డ్‌లో వైద్యం చేసిన థామస్ విల్లిస్ రోగుల మూత్రంలోని అపారమైన తీపిని 1674 నాటి తన గ్రంథంలో వర్ణించాడు. 1776లో లివర్‌పూల్ వైద్యుడు మాథ్యూ డాబ్సన్ ఆ మూత్రాన్ని ఆవిరి చేసి, మిగిలిన పదార్థం చక్కెర వంటిదేనని చూపాడు. అంతకంటె ముఖ్యంగా, రోగి రక్తరసం కూడా తియ్యగా ఉన్నదని గమనించాడు. అంటే ఆ చక్కెరను మూత్రపిండాలు పుట్టించడం లేదు; అది ముందే రక్తంలో ఉన్నది. సాధ్యం రక్తంలో ఉన్నది, మూత్రం హేతువు మాత్రమే. ఈ వివేకం కలిగిన తరువాత కూడా దాదాపు రెండు శతాబ్దాల పాటు రోగి చేతికి అందినది హేతువే తప్ప సాధ్యం కాదు.

ఆ హేతువును చక్కగా చూపే సాధనం మాత్రం 1908 ప్రాంతంలో అమెరికా రసాయన శాస్త్రజ్ఞుడు స్టాన్లీ బెనెడిక్ట్ చేతిలో సిద్ధమైంది. ఆయన ద్రావకం మైలుతుత్తంతో చేసిన నీలి ద్రవం. పరీక్షనాళికలో ఐదు మిల్లీలీటర్ల ద్రావకం పోసి, ఎనిమిది చుక్కల మూత్రం కలిపి కాస్తే, చక్కెర లేనప్పుడు నీలంగానే ఉంటుంది. చక్కెర పాలు పెరిగినకొద్దీ ఆకుపచ్చ, పసుపు, నారింజ, చివరకు ఇటుక ఎరుపు కనబడతాయి. 1922లో టొరంటోలో ఇన్సులిన్ చికిత్స ఆరంభమైన తరువాత ఈ పరీక్ష ఇంటింటి నిత్యకృత్యమైంది. బోస్టన్ వైద్యుడు ఎలియట్ జోస్లిన్ 1918 నాటికే రోగుల కోసం ఒక కరదీపికను ప్రకటించి, తమ పరీక్ష తామే చేసుకోవడం వారి విధి అని బోధించాడు. మన దేశంలోనూ స్పిరిటు దీపం మీద నాళికను కాచి, రంగును వెలుగుకు పట్టి చూసుకున్న తరం ఒకటున్నది.

తర్కశాస్త్రం అభ్యసించినవారికి ఈ పరీక్షలోని లోపం సుపరిచితమే. పర్వతంపై పొగను చూసి నిప్పును ఊహించడం సదనుమానం. పొగ లేదు కాబట్టి నిప్పు లేదనడం అలాంటిది కాదు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు. రక్తంలోని గ్లూకోజు డెసిలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే తప్ప మూత్రపిండాలు సాధారణంగా దానిని బయటికి విడువవు. వృద్ధులలో ఆ హద్దు మరింత పైకి పోవచ్చు. అప్పుడు భోజనానంతరం రక్తంలో చక్కెర ఎంత పొంగినా నాళికలో నీలమే మిగులుతుంది. గర్భిణులలో హద్దు తగ్గి, రక్తం నిర్దోషంగా ఉన్నప్పటికీ మూత్రంలో చక్కెర కనబడవచ్చు. ఇది నైయాయికులు చెప్పే సవ్యభిచార హేతువు. అంతకు మించిన ప్రమాదం కాలానికి సంబంధించినది. మూత్రాశయంలో గంటల తరబడి నిలిచినది గడిచిన కాలానికే సాక్షి. ఇన్సులిన్ అధికమై రక్తంలో చక్కెర పడిపోతున్న వేళ కూడా నాళికలో ఎరుపు కనబడవచ్చు. ఆ ఎరుపును నమ్మి మరొక మోతాదు తీసుకున్నవాని గతి ఏమిటి? వాదసభలో హేత్వాభాసానికి ఫలం పరాజయం, ఇక్కడ ప్రాణహాని.

రక్తంలోని చక్కెరను కొలిచే పద్ధతులు ప్రయోగశాలలలో లేకపోలేదు. హార్వర్డ్‌లో ఓటో ఫోలిన్, సియెన్ వూ 1920లో ప్రకటించిన పద్ధతి చాలాకాలం ప్రామాణికంగా నిలిచింది. (భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు భాస్వరాన్ని కొలిచే పద్ధతిపై కృషి చేసినది ఫోలిన్ అధ్యక్షత వహించిన ఆ జీవరసాయన విభాగంలోనే.) అయితే ఆ పద్ధతులకు సిర నుండి రక్తం, ద్రావకాలు, నిపుణుడు, నిరీక్షణ కావాలి. తిన్న అన్నం ఫలితం తిన్నవానికి తెలిసేసరికి ఆ పూట గడిచిపోయేది.

1960వ దశకం మధ్యలో అమెరికాలోని ఏమ్స్ సంస్థ డెక్‌స్ట్రోస్టిక్స్ అనే కాగితపు పట్టీని తెచ్చింది. పట్టీలోని గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము రక్తబిందువులోని గ్లూకోజుపై పనిచేయగా ఒక రంగు పుడుతుంది. ఒక నిమిషం ఆగి, నీటితో కడిగి, రంగుల పట్టికతో సరిపోల్చుకోవాలి. కంటికి ఆ రంగుల భేదం సులభంగా తెలియక, దానిని కాంతితో చదివే యంత్రాన్ని ఆంటన్ క్లెమెన్స్ అనే శాస్త్రజ్ఞుడు నిర్మించాడు. అది కిలోకు పైగా బరువు, వందల డాలర్ల వెల. వైద్యులకు, ఆసుపత్రులకు ఉద్దేశించినదే కాని రోగికి కాదు.

ఆ గడపను దాటినవాడు వైద్యుడు కాని ఒక ఇంజినీరు. న్యూయార్క్ వాసి రిచర్డ్ బెర్న్‌స్టీన్‌కు 1946లో, పన్నెండేళ్ల వయసులో ఈ వ్యాధి సోకింది. వైద్యులు చెప్పిన నియమాలన్నీ పాటిస్తూనే ముప్పై దాటిన వయసులో దేహం క్షీణించడం, మూత్రపిండాలు దెబ్బతినడం చూశాడు. 1960వ దశకాంతంలో ఆ యంత్రం ప్రకటన ఆయన కంట పడింది. రోగికి అమ్మరు గనుక, వైద్యురాలైన భార్య పేర తెప్పించుకున్నాడు. దినానికి పలుమార్లు, భోజనానికి ముందూ తరువాతా రక్తం చూసుకుని, ఏ పదార్థం ఎంత తింటే ఎంత పెరుగుతున్నదో, ఎంత ఇన్సులిన్‌తో ఎంత తగ్గుతున్నదో పట్టికలు వేసుకున్నాడు. తాను కనుగొన్నదానిని వ్రాసి పంపితే వైద్య పత్రికలు స్వీకరించలేదు. ఆప్తవాక్యం ఎవరిది అన్న ప్రశ్న ఇది. వైద్యుని మాట శాస్త్రం, రోగి మాట కేవలం ఫిర్యాదు అయిన లోకంలో రోగి చూసిన ప్రత్యక్షానికి కూడా ప్రామాణ్యం దొరకలేదు. బెర్న్‌స్టీన్ ఇంజినీరు వృత్తిని విడిచి, నలభై అయిదవ ఏట వైద్య కళాశాలలో చేరాడు. ఆ లోపుగా, 1978లో, లండన్, నాటింగ్‌హామ్ వైద్యబృందాలు రోగులు ఇంట్లోనే రక్తపరీక్ష చేసుకోగలరని లాన్సెట్ పత్రికలో నిరూపించాయి. తలుపు తెరుచుకున్నది.

యంత్రం చూపే అంకె నిజంగా ప్రత్యక్షమేనా అని నైయాయికుడు నిలదీయవచ్చు. ఎంజైము, రంగు లేదా విద్యుత్తు, ఆపై గణితం: ఇదీ అనుమాన పరంపరే. నిజమే. కాని హేతువుకూ సాధ్యానికీ నడుమ ఉన్న మూత్రపిండపు హద్దు, గంటల విలంబం తొలగిపోయాయి. ఆ మేరకు లాభం చిన్నది కాదు.

భోజనానంతర పరీక్షకు ఎందుకింత ప్రాధాన్యం? పరగడుపున రక్తం సాధారణంగా ఉండి, భోజనం తరువాత మాత్రమే అతిగా పెరిగేవారున్నారు. వారిని ఉదయపు పరీక్ష పట్టదు. రెండు గంటల నాటి విలువ పరగడుపు విలువ కంటె మరణాపాయాన్ని మెరుగుగా సూచిస్తున్నదని 1999లో ఐరోపాకు చెందిన డికోడ్ అధ్యయనం చూపింది. మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఉపయుక్తమే కాని, సగటులో ఎత్తుపల్లాలు కనబడవు. ఈ రెండు గంటలను లెక్కించవలసినది చేయి కడుక్కున్నప్పటి నుండి కాదు, మొదటి కబళం నుండి. గర్భిణులు కాని వయోజనులలో భోజనానంతరపు గరిష్ఠ విలువ 180కి లోపల ఉండాలని అమెరికా మధుమేహ సంఘం సూచన. వృద్ధులకూ, చక్కెర తరచు పడిపోయేవారికీ వైద్యుడు వేరొక లక్ష్యం నిర్ణయించవచ్చు.

విమానస్థానం మొదటి అధ్యాయంలో చరకుడు ఆహార విధికి ఎనిమిది ఆయతనాలు చెప్పాడు: ప్రకృతి, కరణం, సంయోగం, రాశి, దేశం, కాలం, ఉపయోగసంస్థ, ఉపయోక్త. రాశి అంటే పరిమాణం. ఉపయోక్త అంటే తినేవాడు. అలవాటుచేత అతనికి సరిపడేదేదో అతనిపైనే ఆధారపడి ఉన్నదని ఆచార్యుని మాట. దేవాలయంలో దోసెడు చక్రపొంగలి ఇద్దరు భక్తులకు ఒకే ప్రసాదం; రెండు గంటల తరువాత వారి రక్తంలో అది ఒకే అంకె కాదు. పులిహోర ముందు తిన్నాడా, కూర ముందు తిన్నాడా, ప్రదక్షిణలు చేశాడా, కూర్చున్నాడా అన్నది కూడా ఆ అంకెను మార్చగలదు. ఈ ఎనిమిదవ ఆయతనాన్ని పరీక్షించే సాధనం పూర్వం లేదు.

సాధనం దొరికినంత మాత్రాన ఫలం సిద్ధిస్తుందా అన్నది వేరే ప్రశ్న. ఇన్సులిన్ వాడని రోగులపై బ్రిటన్‌లో జరిగి 2007లో వెలువడిన డైజెమ్ అధ్యయనంలో, ఇంటి పరీక్ష చేసుకున్నవారికీ చేసుకోనివారికీ చక్కెర అదుపులో గణనీయమైన భేదం కనబడలేదు. అంకెను చూసి పుస్తకంలో వ్రాసి మూసివేస్తే మరునాటి పళ్లెం మారదు. ఇన్సులిన్ తీసుకునేవారి సంగతి వేరు. వారికి అంకె ఆ పూట మోతాదునే నిర్ణయిస్తుంది. బెర్న్‌స్టీన్ అంకెను చూసి పళ్లెంలో పిండిపదార్థాన్ని తగ్గించాడు. ఆయన సూచించిన అతిస్వల్ప పరిమాణంపై వైద్యులలో ఏకాభిప్రాయం లేదు. 2025లో మరణించేనాటికి ఆయన వయసు తొంభై. అందులో డెబ్బై ఎనిమిదేళ్లకు పైగా ఈ వ్యాధితోనే గడిచాయి.