ఈస్టు క్రోమోజోములపై జంట జన్యువులు

రొట్టెపిండిని పొంగించే, బీరును పులియబెట్టే ఈస్టు (సాకరోమైసిస్ సెరివిసియే) 16 క్రోమోజోములలో సుమారు 6,000 జన్యువులున్నాయి. వాటిలో కొన్ని వందలు ఒకదాన్నొకటి పోలిన జంటలు. అవి ఏ క్రోమోజోముపై ఎక్కడున్నాయో గుర్తించడం వల్లనే వాటి పుట్టుక తెలిసింది.

ఈస్టు జన్యుశాస్త్రానికి 1930లలో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో వింగె అనే శాస్త్రవేత్త పునాది వేశాడు. జన్యువు రెండైతే ఒకటి పాత పని చూసుకుంటుంది, రెండవది మారడానికి వీలు చిక్కుతుంది అని సుసుము ఓనో 1970 నాటి తన గ్రంథంలో వాదించాడు. 1993లో మరో సంగతి బయటపడింది. పదవ క్రోమోజోముపై సివైసి1, అయిదవదానిపై సివైసి7 జంట జన్యువులని ముందే తెలుసు. వాటి ఇరుగుపొరుగు జన్యువులు కూడా జంటలేనని అప్పుడు తేలింది.

1996లో ఈస్టు జన్యుక్రమం పూర్తయింది. మరుసటి ఏడే డబ్లిన్ ట్రినిటీ కళాశాలకు చెందిన కెన్నెత్ వుల్ఫ్, డెనిస్ షీల్డ్స్ ఈస్టు ప్రొటీన్లన్నింటినీ ఒకదానితో ఒకటి పోల్చి, 376 జంటలున్న 55 జోడు ఖండాలను పటంపై గుర్తించారు. పోలిక ఒక్కటే వారికి చాలలేదు. జన్యువుల వరుస కూడా కలవాలన్నారు. 55లో 50 ఖండాలు సెంట్రోమియర్ (కణవిభజనలో క్రోమోజోమును లాగే పోగులు అతుక్కునే చోటు) వైపు ఒకే దిశలో తిరిగి ఉన్నాయి. ఖండాలు విడివిడిగా రెట్టింపై ఉంటే, సుమారు ఏడు చోట్ల మూడేసి ప్రతులు కనబడాలి, ఒక్కటీ కనబడలేదు. ఈ లెక్క చాలా చక్కనిది. సుమారు 10 కోట్ల ఏళ్ల క్రితం జన్యుసముదాయం మొత్తం ఒకేసారి రెట్టింపైందని, తర్వాత అత్యధిక జన్యువుల రెండో ప్రతి రాలిపోయిందని వారు నిర్ణయించారు.

కొందరు ఒప్పుకోలేదు. 2004లో రెట్టింపుకు ముందే వేరుపడిన బంధుజాతుల జన్యుక్రమాలు రావడంతో ఆ వాదం సద్దుమణిగింది. క్లూవెరోమైసిస్ వాల్టీకి ఉన్నవి 8 క్రోమోజోములే. దానిలోని ఒక్కొక్క ప్రాంతానికీ ఈస్టులో రెండేసి ప్రాంతాలు సరిపోయాయి. ఒకే తాళపత్ర గ్రంథపు రెండు ప్రతులలో వేర్వేరు ఆకులు చెదతిన్నట్టు, ఒకచోట పోయిన జన్యువు తరచు రెండోచోట మిగిలింది. కెల్లిస్, బిరెన్, లాండర్ ఈ పోలికతో 457 జంటలను లెక్కకు తెచ్చారు.

ఆ రెండు ప్రతులూ ఒకే జాతివి కావని, రెండు జాతుల సంకరం వల్ల కలిసినవని మార్సెట్-హౌబెన్, గబాల్డోన్ 2015లో ప్రతిపాదించారు.