తూటా మెడ పట్టు తప్పితే ముందు ఇత్తడిని చూడండి

అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో స్థిరపడి రైఫిల్ షూటింగ్ నేర్చుకున్న మనవాళ్లలో కొందరు, పేల్చిన తూటాల ఖాళీ కేసులను ఇంట్లోనే మళ్లీ నింపుకుంటారు. దీన్నే రీలోడింగ్ అంటారు. టెక్సాస్‌లో ఉండే మా మరిదికి ఈ అలవాటుంది. నేనుండే జెబెల్ అలీలో షూటింగ్ క్లబ్ ఉన్నా, అక్కడ క్లబ్ ఇచ్చిన తూటాలు కాల్చి రావడమే. నాకు రైఫిల్ అనుభవం లేదు. కెమిస్ట్రీ చదివాను కాబట్టి "వదినా, కేసుల మెడలు ఎందుకు పగులుతున్నాయి?" అని మరిది అడిగితే లోహం వైపు నుంచి జవాబు వెతికాను. ఆ వివరాలే ఇవి. ఎయిర్ రైఫిల్‌కు కేసు ఉండదు, .22 రిమ్‌ఫైర్ కేసును మళ్లీ నింపరు. కాబట్టి ఇదంతా సెంటర్‌ఫైర్ తూటాల గురించే.

నెక్ సైజింగ్ అంటే ఏమిటి?

కేసు దాదాపు 70 శాతం రాగి, 30 శాతం జింకు కలిసిన ఇత్తడి. పేలినప్పుడు దాని మెడ ఉబ్బి చాంబర్ గోడకు అంటుకుంటుంది. ఆ వెడల్పులో కొత్త బుల్లెట్ నిలవదు. అందుకే డైలో పెట్టి మెడను నొక్కుతారు. నొక్కు వదలగానే ఇత్తడి కొంచెం వెనక్కి తెరుచుకుంటుంది. కొత్త కేసులో ఇది తక్కువ. పేల్చి, నొక్కి, మళ్లీ పేల్చిన కేసు ప్రతిసారీ గట్టిపడుతుంది కాబట్టి అందులో ఎక్కువ. డై మారకపోయినా ఫలితం మారడానికి కారణం ఇదే.

లక్షణాన్ని బట్టి కారణం

బుల్లెట్ వదులుగా ఉంటే: వేలితో నొక్కితే లోపలికి జారే తూటాను కాల్చకూడదు. బుల్లెట్ లోపలికి పోతే మందుకు చోటు తగ్గి పీడనం ప్రమాదకరంగా పెరుగుతుంది. సైజింగ్ తర్వాత ఒకసారి, బుల్లెట్ బిగించాక ఒకసారి మెడ బయటి కొలత తీయండి. తేడా సాధారణంగా 0.05 మి.మీ. దగ్గర, అంటే అంగుళంలో వెయ్యింట రెండో వంతు ఉండాలి. తక్కువైతే బుషింగ్ పెద్దదై ఉండాలి, లేదా మెడ లోపల తిరిగే ఎక్స్‌పాండర్ లావుదై ఉండాలి. కొత్త కేసుల్లో సరిపోయి పాతవాటిలో మాత్రమే తప్పితే గట్టిపడిన ఇత్తడే కారణం. వేర్వేరు కంపెనీల కేసులు కలిపినా మెడ మందం తేడాతో కొలత తప్పుతుంది.

మెడ వంకరగా ఉంటే: ఎక్స్‌పాండర్ బయటికి వచ్చేటప్పుడు మెడను ఈడ్చుకొస్తోందేమో చూడండి. మెడ లోపల కాస్త గ్రాఫైట్ పొడి రాస్తే ఈడ్పు తగ్గుతుంది. అయినా పోకపోతే మెడ గోడ అన్నివైపులా ఒకే మందంలో ఉందో లేదో కొలవాలి.

బోల్ట్ బిగువుగా మూసుకుంటే: నెక్ సైజింగ్ మెడనే సరిచేస్తుంది, భుజాన్నీ ఒంటినీ ముట్టుకోదు. కొన్నిసార్లు పేల్చాక ఫుల్ లెంగ్త్ డైతో భుజాన్ని 0.025 నుంచి 0.05 మి.మీ. వెనక్కి నెట్టాలి. పొడవూ చూడాలి. ఉదాహరణకు .308 వించెస్టర్ కేసు 51.18 మి.మీ. దాటకూడదు. దాటితే మెడ అంచు చాంబర్ చివర ఇరుక్కుని బుల్లెట్‌ను బిగించేస్తుంది. అప్పుడూ పీడనం పెరుగుతుంది.

మెడ పగిలితే: ఆ కేసు పారేయడమే. దానితోపాటు అన్నిసార్లే కాల్చిన మిగతా కేసులనూ పరీక్షించండి.

మెత్తబరచడం ఎలా?

పెంబర్తి పనివాళ్లు ఇత్తడి రేకును కొడుతూ మధ్యమధ్యలో కాలుస్తారు. లేకపోతే రేకు చీలుతుంది. రీలోడింగ్‌లో ఎనీలింగ్ అదే పని. కానీ వేడి మెడకూ భుజానికే తగలాలి. అడుగు భాగం గట్టిగా ఉండి తీరాలి, పీడనాన్ని తట్టుకునేది అదే. అది మెత్తబడితే వేడి వాయువు కాల్చేవాడి ముఖం మీదికే చిమ్మవచ్చు. అందుకే కేసులను వంటింటి ఓవెన్‌లో కాల్చే ఆలోచన వద్దు.

శుభ్రం చేసేటప్పుడు

బ్రిటిష్ వాళ్ల కాలంలో మన దేశంలో గుర్రపు సాలల దగ్గర దాచిన తూటాల కేసులు వానాకాలం వస్తే వాటంతటవే పగిలేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, గాలిలో తేమ, నొక్కి తయారుచేసినప్పుడు ఇత్తడిలో మిగిలిన ఒత్తిడి కలిస్తే పగుళ్లు వస్తాయని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ వివరించారు. కాబట్టి అమ్మోనియా ఉన్న పాలిష్‌లు కేసులకు వాడకండి. పలచని సిట్రిక్ యాసిడ్ చాలు, ఇత్తడి బిందెకు చింతపండు లాగా. ఎక్కువసేపు నాననిస్తే మాత్రం జింకు కరిగి ఇత్తడి గులాబీ రంగుకు తిరుగుతుంది.

పేల్చిన కేసుల మసిలో ప్రైమర్ నుంచి వచ్చిన సీసం ఉంటుంది. వంటింటి సింకులో కడగొద్దు, వంట గిన్నెలు వాడొద్దు, పిల్లల చేతికి ఇవ్వొద్దు.

ఇంకో మాట. ఇండియాలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. యూఏఈలోనూ లైసెన్స్ తప్పనిసరి. క్లబ్‌లో దొరికిన ఖాళీ కేసు ముచ్చటగా ఉందని పిల్లలు బ్యాగులో వేసుకుంటారు. సెలవులకు ఊరెళ్లే ముందు బ్యాగుల అరలన్నీ దులిపి చూడండి. స్కానర్‌లో అది కనిపిస్తే విమానం ఎక్కాల్సిన సమయంలో విచారణకు కూర్చోవాల్సి రావచ్చు.