హద్దు దాటే ఆయుధం

ఒకాయన దగ్గర లైసెన్సు ఉన్న తుపాకి ఉందనుకుందాం. దాన్ని కారులో పెట్టుకుని భద్రాచలం నుంచి చింతూరు మీదుగా కొంటకు బయలుదేరాడు. పూట పట్టని ప్రయాణమే గాని దారిలో మూడు రాష్ట్రాలు తగులుతాయి. భద్రాచలం తెలంగాణ, చింతూరు ఆంధ్రప్రదేశ్, కొంట ఛత్తీస్‌గఢ్. దారిలో ఆపితే పోలీసు తుపాకి ఒక్కటే చూడడు, కాగితం కూడా చూస్తాడు. ఆ లైసెన్సు ఎంతవరకు చెల్లుతుందో దాని మీదే రాసి ఉంటుంది: ఒక జిల్లాకా, ఒక రాష్ట్రానికా, దేశమంతటికీనా అని. తెలంగాణకే చెల్లే లైసెన్సు అయితే భద్రాచలం పొలిమేర దాటిన తర్వాత ఆ కాగితం ఆయనను కాపాడదు. వెళ్ళాలనుకుంటే ముందే లైసెన్సు ఇచ్చిన అధికారి దగ్గర చెల్లుబాటు ప్రాంతాన్ని పెంచుకోవాలి.

ఇప్పుడు అదే దారిలో ఒక కోయ పెద్దమనిషి విల్లమ్ములు భుజాన వేసుకుని అవతలి ఊళ్ళో ఉన్న బంధువుల విజ్జ పండుంకు పోతున్నాడు. ఆయన దగ్గర లైసెన్సు లేదు. ఆయనకు అది కావాలా, అక్కర్లేదా? దీనికి ఒక్క మాటలో జవాబు లేదు. జవాబు తెలియాలంటే సుమారు 150 ఏళ్ళ చరిత్ర తిరగేయాలి.

1857 తిరుగుబాటు తర్వాత తెల్లదొరలకు ఈ దేశపు మనిషి చేతిలోని ఆయుధమంటే భయం పట్టుకుంది. లిట్టన్ వైస్రాయిగా ఉండగా 1878లో ఆయుధాల చట్టం తెచ్చారు. దేశభాషల పత్రికల నోరు నొక్కిన చట్టం వచ్చిందీ ఆ ఏడే. ఆయుధాల చట్టంలో ‘ఆయుధం’ అంటే ఏమిటో చెప్పేచోట తుపాకి, కత్తి, బాకు, బల్లెంతో పాటు విల్లమ్ములనూ పేరు పెట్టి చేర్చారు. లైసెన్సు లేకుండా ఆయుధం పట్టుకుని తిరగకూడదన్నారు. ఒక చోటు నుంచి మరో చోటుకు ఆయుధాలు తరలించడాన్ని ఆపే అధికారం ప్రభుత్వానికి ఇచ్చారు. అనుమానం కలిగేలా ఆయుధం తీసుకుపోతున్న మనిషిని వారంటు లేకుండానే పట్టుకోవచ్చన్నారు. ఎవరికి మినహాయింపు ఇవ్వాలన్నది ప్రభుత్వం ఇష్టం. యూరోపియన్లకు మినహాయింపు దొరికింది. మన తాతల విల్లు మాత్రం చట్టం పుస్తకంలోకి ఎక్కింది.

మరుసటి ఏడు, 1879 మార్చిలో, రంప ఫితూరీ మొదలైంది. దానికి కారణాలు వేరు: కల్లు మీద పన్ను, మన్సబుదారు పీడన, పోలీసుల వసూళ్ళు. ఆ నిప్పు రంప దేశంలోనే ఆగలేదు. గొలుగొండ కొండలకు, భద్రాచలం వైపు రేకపల్లికి పాకింది. సర్కారు గీసిన జిల్లా హద్దులు కొండ మనుషుల చుట్టరికాన్ని విడదీయలేదు. ఆ తర్వాత 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, మల్లుదొర, వారి వెంట నడిచిన మన్యం జనం మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్ల మీద పడ్డారు. 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు వారికి చిక్కాయి. పట్టుకుపోయిన వాటి పట్టీ రాసి సంతకం పెట్టి మరీ వెళ్ళాడు రాజు. నిరాయుధులుగా ఉండండని చెప్పిన ప్రభుత్వం ఆయుధాలను ఎక్కడ దాచుకుందో మన్యం వాళ్ళకు తెలుసు.

ఇక హద్దుల సంగతి. భద్రాచలం తాలూకా 1874 దాకా సెంట్రల్ ప్రావిన్సుల్లో ఉండేది. ఆ ఏడు మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో కలిపారు. ఆ రోజుల్లో గోదావరికి ఆవలి ఒడ్డు నైజాం రాజ్యం. దోనెలో ఏరు దాటితే ప్రభుత్వమే మారిపోయేది. 1959లో ఆ తాలూకాను ఖమ్మం జిల్లాకు ఇచ్చారు. 2014లో పోలవరం పేరు మీద చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం తదితర మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా వచ్చింది. ఇన్ని మార్పుల్లో ఒక్క ఊరు కూడా తానున్న చోటు నుంచి కదల్లేదు. ఊరు కదలకుండానే రాష్ట్రం మారింది. కాగితం ఎక్కడ చెల్లుతుందన్న ప్రశ్న పట్నం మనిషికి ప్రయాణంలోనే ఎదురవుతుంది. మనకు మాత్రం ఇంటి గడపలోనే ఎదురైంది.

1959లో స్వతంత్ర భారతదేశం తన ఆయుధాల చట్టం చేసుకుంది. నిర్వచనంలో విల్లమ్ముల పేరు పోయింది. కర్రను, చేతికర్రను ఆయుధం కాదన్నారు. పంట కాపలాకు మందు దట్టించి పేల్చే తుపాకికి లైసెన్సు ఇవ్వవచ్చని రాశారు. పందులు పడి చేను నాశనమయ్యే రైతుకు ఇది మంచి మాటే. కాని పాత చట్టంలోని అనుమానపు మాట 20వ సెక్షన్‌గా మిగిలింది. లైసెన్సు ఉన్నా లేకపోయినా, చెడ్డ పనికే తీసుకెళ్తున్నాడని అనుమానించడానికి తగిన కారణం ఉంటే వారంటు లేకుండా పట్టుకోవచ్చు. ఆ కారణం తగినదో కాదో చెక్‌పోస్టు దగ్గర తేల్చేది ఎవరు? కారులో వచ్చిన మనిషినీ, విల్లుతో నడిచి వచ్చిన మనిషినీ ఒకే కంటితో చూస్తారా?

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. అందులో ఆయుధమన్న మాట కింద విల్లమ్ములు మళ్ళీ పేరుతో సహా తిరిగొచ్చాయి. అభయారణ్యంలోకి ఆయుధంతో అడుగు పెట్టాలంటే రాతపూర్వక అనుమతి కావాలి. 2008లో పాపికొండలు నేషనల్ పార్కు అయ్యాయి. 2006 అటవీ హక్కుల చట్టం భూమికి, అటవీ ఫలసాయానికి హక్కు చెప్పింది గాని వేటను వదిలేసింది. అంటే ఆ కోయ పెద్దమనిషికి రోడ్డు మీద లైసెన్సు అడగకపోవచ్చు, అడ్డదారిన అభయారణ్యంలోకి దిగితే మాత్రం నేరస్థుడు.

అందరి చేతికీ తుపాకి ఇవ్వమని నా వాదన కాదు. తుపాకికి లెక్క ఉండాల్సిందే. వేట నిషేధం ఎందుకొచ్చిందో కూడా మనకు తెలుసు. నేనడిగేది వేరు. సిక్కుల కృపాణాన్ని రాజ్యాంగం 25వ అధికరణమే గుర్తించింది. కొడగులో కొడవలకు, జమ్మా భూముల వాళ్ళకు తుపాకి లైసెన్సు నుంచి ఉన్న మినహాయింపును 2019లో కేంద్రం మరో పదేళ్ళు పొడిగించింది. ఒక జాతి ఆచారంలో ఆయుధానికి చోటుందని రాతలో ఒప్పుకోవడం ఈ దేశానికి కొత్త కాదు. పండుగకు, పెళ్ళికి, కొలుపుకు రాష్ట్రం దాటి పోయే విల్లుకు అలాంటి రాత ఎందుకుండకూడదు?

అందుకు దారి లేకపోలేదు. ఆచారాలను, సంస్కృతిని కాపాడుకునే శక్తి గ్రామసభకు ఉందని 1996 పెసా చట్టం చెబుతోంది. ఏ పండుగకు, ఏ నెలలో, ఏ ఊరి నుంచి ఏ ఊరికి విల్లు వెళ్తుందో గ్రామసభలో తీర్మానం రాయించి కలెక్టరుకు, ఐటీడీఏకు పంపవచ్చు. తీర్మానం చట్టాన్ని మార్చదు. కాని అనుమానానికి ఎదురుగా పెట్టడానికి ఒక కాగితం అవుతుంది. ఇన్నాళ్ళూ మన మీద రాసిన కాగితాలే చూశాం. చదువుకున్న పిల్లలు ఇంటికొకరున్న ఈ రోజుల్లో మనం రాసే మొదటి కాగితాల్లో ఇది ఒకటి కావాలి.