54 ఏళ్లకి దేశం మారిన ఇంజనీర్: మోరిస్ చాంగ్

ఆ మధ్య మా నాన్న పనిచేసే ఫ్యాక్టరీ మూతపడింది. ఆయనకి 54 ఏళ్లు. "ఈ వయసులో నాకు కొత్తగా పని ఎవరిస్తార్రా?" అన్నారు. నేనేం చెప్పలేకపోయాను. ఇవాళ్టి కథ ఎంచుకోడానికి కారణం అదే.

మోరిస్ చాంగ్ 1931లో చైనాలోని నింగ్బోలో పుట్టారు. బాల్యమంతా యుద్ధాలే, ఊళ్లు మారడమే. 18 ఏళ్లకి అమెరికా వెళ్లి ఎంఐటీలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివారు. పీహెచ్‌డీ అర్హత పరీక్ష రెండుసార్లు తప్పారు. ఇక చదువు ఆపేసి 1955లో ఉద్యోగంలో చేరారు. అనుకోకుండా దొరికింది సెమీకండక్టర్ల పని.

1958లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌కి వెళ్లారు. అక్కడ ఐబీఎం కోసం చేసే ఒక ట్రాన్సిస్టర్ లైన్‌లో సరుకు దాదాపు అంతా పాడైపోతోంది. ప్రాసెస్‌లో మార్పులు చేసి చేసి, ఆయన దాన్ని దారిలో పెట్టారు. పనికొచ్చే చిప్‌ల శాతాన్ని యీల్డ్ అంటారు. ఆయన జీవితమంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరిగింది. తర్వాత కంపెనీయే స్టాన్‌ఫర్డ్‌కి పంపితే 1964లో పీహెచ్‌డీ కూడా పూర్తిచేశారు.

సెమీకండక్టర్ విభాగం మొత్తానికి అధిపతి అయ్యారు. కానీ ఆ తర్వాత ఆయన్ని కన్స్యూమర్ ప్రొడక్ట్స్ వైపు మార్చారు. అక్కడ కలిసిరాలేదు. 25 ఏళ్లు పనిచేసిన కంపెనీని 1983లో వదిలేశారు. ఆ తర్వాత చేరిన కంపెనీలో కూడా ఎక్కువ కాలం లేరు.

అప్పుడు తైవాన్ ప్రభుత్వం పిలిచింది, మా పరిశోధన సంస్థ ఐటీఆర్ఐని నడపమని. 1985లో, 54 ఏళ్ల వయసులో, అంతకుముందెప్పుడూ కాపురం ఉండని చోటికి వెళ్లారు. వెళ్లిన కొద్ది రోజులకే మంత్రి కె.టి. లీ ఒక చిప్ కంపెనీకి ప్లాన్ ఇవ్వమన్నారు.

ఆయన లెక్క చాలా సింపుల్. తైవాన్‌కి డిజైన్‌లో బలం లేదు, మార్కెటింగ్‌లో లేదు. తయారీలో మాత్రం ఉంది. అయితే సొంత చిప్‌లు వద్దు, ఎవరు డిజైన్ ఇచ్చినా చేసిపెడదాం అన్నారు. ఇంటెల్ పెట్టుబడి పెట్టనంది, పాత కంపెనీ కూడా పెట్టనంది. ఫిలిప్స్ పావు వంతుకి పైగా పెట్టింది, ప్రభుత్వం దాదాపు సగం పెట్టింది. అలా 1987లో టీఎస్ఎంసీ మొదలైంది. సొంత ఫ్యాక్టరీ లేకుండా చిప్‌లు డిజైన్ చేసే ఎన్విడియా లాంటి కంపెనీలు ఎదగగలిగాయంటే ఈ ఏర్పాటు వల్లే. హైదరాబాద్‌లో కూర్చుని చిప్ డిజైన్ చేసే మన ఇంజనీర్ల ఉద్యోగాల వెనక కూడా ఇదే ఉంది.

ఒక్కడే అంతా చేశాడనుకోకండి. 1976 నుంచే తైవాన్ తన ఇంజనీర్లని అమెరికాలోని ఆర్‌సీఏకి పంపి ఆ విద్య నేర్పించింది. ఆయన వచ్చేసరికి నేల దున్ని ఉంది.

ఈ కథ నాన్నకి చెప్పాను. అంతా విని ఒకే మాటన్నారు: "బానే ఉంది. కానీ ఆయన్ని పిలిచినవాళ్లు ఉన్నారు కదరా."

నిజమే. చాంగ్ తెలివి 1983లో ఎంతో 1985లోనూ అంతే. మారింది అడిగినవాళ్లు. మీ ఇంట్లో కూడా 54 ఏళ్లాయన ఒకరుంటే, "నీకు తెలిసిందేంటి?" అని ఇవాళ కూర్చోబెట్టి అడగండి. నేనూ అక్కడి నుంచే మొదలుపెట్టాను. మళ్లీ కలుద్దాం.